ప్రభుత్వం మూతపడినా ఎందుకు పడిపోదు?

పాఠకురాలి ఉత్తరం

“నేను గుంటూరు జిల్లాలో జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు టెక్సాస్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు దాటింది. ఈమధ్యే సిటిజన్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాం. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు, జవాబులు మనవరాలు ప్రింటు తీసి ఇస్తే కంఠతా పట్టేశాను. కానీ అర్థం కాకుండా అప్పజెప్పడానికి మనసొప్పడం లేదు. మన దగ్గర సభలో మెజారిటీ పోతే ప్రభుత్వం పడిపోతుంది. ఇక్కడ నెలకు పైగా ప్రభుత్వం మూతపడిందన్నారు, ప్రెసిడెంటు మాత్రం కుర్చీలోనే ఉన్నారు. ఆయన సంతకం పెట్టిన ఆర్డరును ఎక్కడో ఒక జిల్లా కోర్టు జడ్జి ఆపేశాడంటారు. 2016లో ఎక్కువ ఓట్లు వచ్చినావిడ ఓడిపోయిందంటారు. మా అల్లుడుగారిని అడిగితే ‘ఇక్కడంతే అత్తయ్యా’ అని ఊరుకుంటారు. ఇంతకీ ఈ దేశంలో ప్రభుత్వం అంటే ఎవరు? రేపు ఓటు వేయాల్సినదాన్ని. ఎక్కడ మొదలుపెట్టి అర్థం చేసుకోవాలి?”

సమాధానం

అమ్మా, నమస్కారం.

పరీక్ష సంగతి ముందు చెప్పేస్తాను. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకు 128 ప్రశ్నల్లోంచి 20 వరకు అడుగుతారు. 12 సరిగ్గా చెబితే అక్కడితో ఆపేస్తారు. అన్నీ కంఠతా వచ్చాయంటున్నారు కాబట్టి మీకు దిగులు అక్కర్లేదు. సెనేటర్లు, గవర్నరు, స్పీకరు పేర్లు మాత్రం ఎన్నికలతో మారుతుంటాయి. ఇంటర్వ్యూకు ముందు వారంలో ఒకసారి సరిచూసుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న. ప్రభుత్వం అంటే ఎవరని అడిగితే ఒక మనిషి పేరో, ఒక పార్టీ పేరో జవాబుగా వస్తుందని మనం అనుకుంటాం. మనకున్న అనుభవం అది. లోక్‌సభలో 272 మంది ఎవరి వెనుక ఉంటే ఆయన ప్రధాని. చట్టం చేసే సభ, దాన్ని అమలు చేసే మంత్రివర్గం ఒకే మెజారిటీలోంచి పుడతాయి. అమెరికా రాజ్యాంగం రాసినవాళ్లు సరిగ్గా ఈ రెండూ ఒక్కచోట పుట్టకూడదనుకున్నారు. అందుకే ఇక్కడి వార్త ఏది చదివినా ‘ఈ పని చేసే అధికారం ఎవరికుంది, ఎక్కడి నుంచి వచ్చింది’ అని అడగడం అలవాటు చేసుకోండి. నేనిచ్చే సలహా ఇదే. దీనితో మీరడిగిన మూడు చిక్కులూ విడిపోతాయి.

వాళ్లు అలా ఎందుకనుకున్నారో తెలియాలంటే 1787లోకి వెళ్లాలి. బ్రిటిష్ రాజుతో యుద్ధం చేసి గెలిచి అప్పటికి కొన్నేళ్లే అయింది. 1781లో అమల్లోకి వచ్చిన మొదటి ఒప్పందంలో కేంద్రానికి పన్ను వేసే అధికారం కూడా లేదు. యుద్ధం అప్పులు తీర్చడానికి రాష్ట్రాల ముందు చేయి చాపాలి, అవి ఇస్తే ఇచ్చినట్టు. మసాచుసెట్స్‌లో అప్పుల్లో కూరుకుపోయిన రైతులు 1786లో కోర్టులను చుట్టుముట్టి పని జరగనివ్వలేదు. వాళ్లలో చాలామంది స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్లే. మళ్లీ రాజు లాంటివాడు పుట్టుకొస్తాడేమోనని ఒక భయం, కేంద్రానికి బలం లేకపోతే దేశం ముక్కలవుతుందని ఇంకో భయం. ఈ రెండు భయాలతో 1787 మే నెల నుంచి సెప్టెంబరు 17 దాకా ఫిలడెల్ఫియాలో తలుపులు మూసుకుని వాదించుకున్నారు. మొత్తం 55 మంది వచ్చారు, చివరికి సంతకం పెట్టింది 39 మంది. రోడ్ ఐలండ్ రాష్ట్రం అసలు ఎవరినీ పంపలేదు.

వాళ్లు రాసిన పత్రం చాలా చిన్నది, ఏడే అధికరణాలు. మన రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజే 395 అధికరణాలతో వచ్చింది. అమెరికా పత్రాన్ని మీరు ఒక మధ్యాహ్నం కూర్చుని పూర్తిగా చదివేయవచ్చు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంటే మరీ మంచిది.

మొదటి అధికరణం ప్రెసిడెంటు గురించి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది కాంగ్రెస్ గురించి. (ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్లమెంటు, పార్టీ పేరు కాదు. ప్రతినిధుల సభ, సెనేట్ అని దానికి రెండు సభలు.) పత్రంలో దాదాపు సగం అదే ఆక్రమించింది. అందులో ఎనిమిదో సెక్షన్ దగ్గర ఆగండి. కేంద్రం ఏమేం చేయవచ్చో అక్కడ ఒక జాబితా ఉంది: పన్నులు వేయడం, అప్పు తేవడం, విదేశాలతోనూ రాష్ట్రాల మధ్యా జరిగే వ్యాపారాన్ని నియంత్రించడం, నాణేలు ముద్రించడం, పోస్టాఫీసులు నడపడం, యుద్ధం ప్రకటించడం, విదేశీయులకు పౌరసత్వం ఇచ్చే నియమాలు పెట్టడం. జాబితాలో లేనివి రాష్ట్రాలవి, లేదా ప్రజలవి అని 1791లో వచ్చిన పదో సవరణ స్పష్టం చేసింది. మన దగ్గర ఇది తలకిందులు. ఏ జాబితాలోనూ లేని అధికారం మన రాజ్యాంగం ప్రకారం కేంద్రానికే పోతుంది.

మీ ఇంటి విషయాలకే దీన్ని వేసి చూడండి. మన పిల్లలు ఉద్యోగానికి వచ్చే హెచ్-1బీ వీసా, మీ గ్రీన్ కార్డు, రేపటి మీ పౌరసత్వం కాంగ్రెస్ చేసిన చట్టాల కిందికి వస్తాయి. టెక్సాస్ గవర్నరు ఎంత మంచివాడైనా మీకు వీసా ఇవ్వలేడు. మీ అమ్మాయి డ్రైవింగ్ లైసెన్సు, పెళ్లిళ్లు, విడాకులు, దొంగతనం కేసులు రాష్ట్రానివి. మనవరాలి స్కూల్లో ఏం చెప్పాలి, టీచర్ల జీతమెంత అన్నదాంట్లో రాష్ట్రానికి, స్థానిక స్కూలు బోర్డుకు పెద్ద చెయ్యి ఉంటుంది. మీ ఊళ్లో గుడి కట్టుకోవాలంటే అనుమతి కోసం వెళ్లేది నగరపాలక సంస్థ దగ్గరికి. ప్రెసిడెంటు తలుచుకున్నా ఆ ప్లాను మీద సంతకం పెట్టలేడు.

గవర్నరన్న పేరు విని మోసపోకండి. మన గవర్నరును ఢిల్లీ పంపుతుంది. ఇక్కడ గవర్నరును ఆ రాష్ట్రం జనమే ఓటు వేసి ఎన్నుకుంటారు. మన లెక్కలో ఆయన ముఖ్యమంత్రి. 1984 ఆగస్టులో గవర్నరు రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేస్తే రాష్ట్రం ఎలా అట్టుడికిందో మీరు కళ్లారా చూసే ఉంటారు. నెల తిరిగేసరికి ఢిల్లీ దిగిరావాల్సి వచ్చింది, ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. అమెరికాలో అలాంటి పని చేయడానికి రాజ్యాంగంలో దారే లేదు. రాష్ట్రపతి పాలన వంటిది ఇక్కడ లేదు. ఒక రాష్ట్రం గవర్నరును దించే శక్తి ప్రెసిడెంటుకు లేదు. ఈ ఒక్క విషయంలో మనం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉందని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు మూతపడిన ప్రభుత్వం. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. అమెరికాలో అలాంటి అవిశ్వాస తీర్మానం లేదు. ప్రెసిడెంటు కాంగ్రెస్‌లోంచి వచ్చినవాడు కాదు. వేరే ఎన్నికలో, నాలుగేళ్ల గడువుకు గెలిచి వచ్చాడు. ప్రతినిధుల సభలోని 435 మందికి గడువు రెండేళ్లు, సెనేట్‌లోని 100 మందికి ఆరేళ్లు. ప్రెసిడెంటును నచ్చలేదని కాంగ్రెస్ పంపేయడానికి వీల్లేదు, ఆయనా సభను రద్దుచేసి ఎన్నికలు పెట్టలేడు. మంత్రులు కూడా సభ్యులుగా ఉండకూడదు. మన దగ్గర మంత్రి అయినవాడు ఆరు నెలల్లో చట్టసభలో సభ్యత్వం తెచ్చుకోవాలి. ఇక్కడ మంత్రి కావాలంటే సభ్యత్వం వదులుకోవాలి. మార్కో రూబియో 2025లో విదేశాంగ మంత్రి అయ్యేందుకు సెనేట్ సీటుకు రాజీనామా చేసింది అందుకే.

చట్టం చేయాలంటే మాత్రం వీళ్లంతా కలవాలి. బ్యాంకు లాకరు గుర్తుతెచ్చుకోండి. మీ తాళం చెవి ఒక్కటే తిప్పితే తెరుచుకోదు, మేనేజరు చెవి కూడా పడాలి. రెండు సభలూ ఒకే బిల్లును ఆమోదించాలి, ప్రెసిడెంటు సంతకం పెట్టాలి. ఆయన వీటో చేస్తే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మెజారిటీతో మళ్లీ నెగ్గించుకోవాలి. అది అరుదు.

డబ్బు విషయంలో మొదటి అధికరణం ఇంకా కఠినం. కాంగ్రెస్ చట్టం చేయకుండా ఖజానాలోంచి ఒక్క డాలరు తీయడానికి వీల్లేదు. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆలోపు ఖర్చు బిల్లు చట్టం కాకపోతే, చట్టం మంజూరు చేసిన డబ్బు లేని ఆఫీసులు తలుపులు మూసుకోవాలి. 2025లో జరిగిందిదే. అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు, 43 రోజులు, అప్పటిదాకా చరిత్రలో అన్నిటికన్నా పొడవైన మూత అది. అప్పుడు ప్రెసిడెంటు, రెండు సభల్లో మెజారిటీ రిపబ్లికన్లదే. అయినా ఎందుకు కుదరలేదు? సెనేట్‌లో మామూలు బిల్లు మీద చర్చ ముగించి ఓటింగుకు తేవాలంటే 60 మంది కావాలి, వాళ్లకున్నది 53. ఈ 60 మంది నిబంధన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. సెనేట్ తనకు తానే పెట్టుకున్న నియమం. ఈ తేడా గుర్తుంచుకోండి, టీవీలో చెప్పేవాళ్లు కూడా తరచూ కలిపేస్తుంటారు.

ఆ మూత సమయంలో పౌరసత్వ దరఖాస్తులు చూసే శాఖ పనిచేస్తూనే ఉంది, ఎందుకంటే అది ఎక్కువగా మీలాంటివాళ్లు కట్టే ఫీజులతో నడుస్తుంది. హెచ్-1బీ పిటిషన్ వేయడానికి ముందు కార్మిక శాఖ ఇవ్వాల్సిన ఎల్‌సీఏలు (జీతం, పని షరతుల ధ్రువీకరణ పత్రాలు) మాత్రం అక్టోబరంతా నిలిచిపోయాయి. ఒకే కుటుంబంలో ఒకరి కాగితం కదిలి, ఇంకొకరిది ఆగింది. దాని వెనుక ఉన్నది డబ్బు ఎవరు మంజూరు చేయాలన్న ఆ ఒక్క వాక్యం.

ప్రెసిడెంటును మధ్యలో దించే దారి అసలు లేదని కాదు. ప్రతినిధుల సభ అభియోగం మోపాలి, సెనేట్ మూడింట రెండు వంతులతో దోషి అనాలి. 1868లో ఆండ్రూ జాన్సన్ ఒక్క ఓటు తేడాతో బయటపడ్డారు. తర్వాత క్లింటన్ మీద ఒకసారి, ట్రంప్ మీద రెండుసార్లు అభియోగం మోపారు. సెనేట్ ఇంతవరకు ఏ ప్రెసిడెంటునూ తొలగించలేదు.

జడ్జి సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన ప్రశ్న ఇది.

ముందు ఒక అపోహ తీరాలి. మీరు విన్న జిల్లా కోర్టు మన గుంటూరు జిల్లా కోర్టు లాంటిది కాదు. దేశాన్ని 94 ఫెడరల్ (కేంద్ర) కోర్టు జిల్లాలుగా విడగొట్టారు, టెక్సాస్‌లోనే నాలుగున్నాయి. అక్కడి జడ్జిని ప్రెసిడెంటు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదిస్తుంది. రిటైర్మెంటు వయసు లేదు, జీతం తగ్గించడానికి వీల్లేదు. ఇష్టంలేని తీర్పు ఇచ్చాడని ఎవరూ బదిలీ చేయలేరు. వాళ్లపైన అప్పీలు కోర్టులు, ఆ పైన తొమ్మిది మంది జడ్జిల సుప్రీంకోర్టు. మన హైకోర్టులో ఒక జడ్జి ప్రభుత్వ జీవో మీద స్టే ఇస్తే మనమెవరం ఆశ్చర్యపోం కదా. ఇదీ అలాంటిదే.

ఇక 1952లో జరిగిన కథ వినండి. కొరియాలో యుద్ధం నడుస్తోంది. దేశంలో ఉక్కు కార్మికులు సమ్మెకు సిద్ధమయ్యారు. ఉక్కు ఆగితే సైనికులకు ఆయుధాలు ఆగుతాయని ప్రెసిడెంటు హ్యారీ ట్రూమన్ ఏప్రిల్ 8న ఉక్కు మిల్లులను ప్రభుత్వం తరఫున స్వాధీనం చేసుకోమని ఆర్డరు వేశారు. ఉద్దేశం చెడ్డదని ఎవరూ అనలేరు. యజమానులు కోర్టుకెక్కారు. వాషింగ్టన్‌లో డేవిడ్ పైన్ అనే జిల్లా జడ్జి మూడు వారాలకే ఆర్డరు చెల్లదన్నారు. జూన్ 2న సుప్రీంకోర్టు కూడా 6–3తో అదే మాట అంది. ప్రైవేటు ఆస్తిని ఇలా తీసుకోవచ్చని కాంగ్రెస్ చట్టం చేయలేదు, రాజ్యాంగమూ ఆ అధికారం ప్రెసిడెంటుకు నేరుగా ఇవ్వలేదు, కాబట్టి ఆయన చేతిలో ఆ అధికారం లేదని తీర్పు.

ఆ తొమ్మిది మంది జడ్జిలనూ నియమించింది ట్రూమన్, లేదా ఆయనకు ముందున్న, ఆయన పార్టీకే చెందిన రూజ్‌వెల్ట్. ట్రూమన్ స్వయంగా వేసిన నలుగురిలో ఇద్దరు ఆయనకు వ్యతిరేకంగా రాశారు. ట్రూమన్‌కు తీర్పు ఏమాత్రం నచ్చలేదు. ప్రపంచంలోకెల్లా బలమైన సైన్యానికి ఆయన అధిపతి. కోర్టుకు ఒక్క తుపాకీ లేదు, ఖర్చు పెట్టడానికి ఖజానా లేదు. అయినా అదే రోజు మిల్లులు యజమానులకు తిరిగి ఇచ్చేయమన్నారు. కార్మికులు సమ్మెలోకి దిగారు, 50 రోజులకు పైగా సాగింది. 1974లో నిక్సన్ విషయంలోనూ అంతే. తన ఆఫీసులో రికార్డు చేసుకున్న సంభాషణల టేపులు అప్పగించమని కోర్టు 8–0తో చెప్పింది. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు నిక్సన్ నియమించినవాళ్లు. ఆయన టేపులు ఇచ్చారు, తీర్పు వచ్చిన సుమారు రెండు వారాలకే రాజీనామా చేశారు.

కోర్టు ప్రతిసారీ ఇలా నిలబడిందని మాత్రం చెప్పను. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న సుమారు 1.2 లక్షల మందిని, ఎక్కువమంది అమెరికా పౌరులే, ఇళ్లలోంచి తరలించి శిబిరాల్లో పెట్టారు. 1944లో సుప్రీంకోర్టు ఆ తరలింపు సరైనదేనంది. రాజ్యాంగం కాగితం మీద ఎంత గట్టిగా ఉన్నా, దాన్ని చదివి పట్టుకుని నిలబడే మనుషులు లేకపోతే ఇలా జరుగుతుంది.

మీరు విన్న ఆర్డరు బహుశా 2025 జనవరి 20 నాటిది. తాత్కాలిక వీసాల మీద ఉన్న తల్లిదండ్రులకు ఇక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం రాదని చెప్పిన ఆర్డరు అది. మన తెలుగు ఇళ్లలో ఎంతమందికి నిద్ర పట్టకుండా చేసిందో నాకు తెలుసు. ఈ నేల మీద పుట్టి, ఇక్కడి అధికార పరిధిలో ఉన్నవాళ్లు పౌరులని 1868 నాటి 14వ సవరణ అంటుంది. చైనా తల్లిదండ్రులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లోనే సుప్రీంకోర్టు ఆయన పౌరుడేనని తీర్పు ఇచ్చింది. వాటిని ఆధారం చేసుకునే జిల్లా జడ్జిలు ఆర్డరును ఆపారు. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది: జిల్లా జడ్జి సాధారణంగా తన ముందుకొచ్చిన కక్షిదారులకు అవసరమైనంత మేరకే ఆపాలి, దేశమంతటికీ వర్తించేలా ఆపకూడదని. ఒకే పరిస్థితిలో ఉన్న అందరి తరఫునా సామూహికంగా కేసు వేసే దారి మాత్రం మిగిలింది. చూశారా, జడ్జి ప్రెసిడెంటును ‘నీకు ఈ అధికారం ఎక్కడిది’ అని అడిగితే, పై కోర్టు జడ్జినీ అదే ప్రశ్న అడిగింది.

ఎక్కువ ఓట్లు వచ్చినావిడ ఓటమి గురించి చెప్పడం మీకు తేలిక, లెక్కల టీచరు కదా. ప్రెసిడెంటును ఎన్నుకునేది రాష్ట్రాలవారీగా జనం ఓటుతో ఎంపికయ్యే 538 మంది ఎలక్టర్లు. ప్రతినిధుల సభ 435, సెనేట్ 100, రాజధాని వాషింగ్టన్‌కు 3. గెలవడానికి 270 కావాలి. ఒక్కో రాష్ట్రానికి దాని ప్రతినిధుల సంఖ్యకు ఇద్దరు సెనేటర్లను కలిపితే ఎంతో అంతమంది ఎలక్టర్లు. 2020 జనాభా లెక్కల్లో వయోమింగ్‌లో ఉన్నది సుమారు 5.77 లక్షల మంది, ఎలక్టర్లు ముగ్గురు. అంటే 1.92 లక్షలకు ఒకరు. మీ టెక్సాస్‌లో 2.91 కోట్లు, ఎలక్టర్లు 40. అంటే 7.28 లక్షలకు ఒకరు. అక్కడి మనిషి ఓటు బరువు ఇక్కడి మనిషి ఓటుకు దాదాపు నాలుగు రెట్లు.

దీనికి ఇంకొకటి తోడైంది. మెయిన్, నెబ్రాస్కా తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ, ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టర్లంతా గెలిచినవాళ్లకే. ఇది రాజ్యాంగం పెట్టిన షరతు కాదు, రాష్ట్రాలు చేసుకున్న చట్టం. 2016లో హిల్లరీ క్లింటన్‌కు కాలిఫోర్నియాలో 42 లక్షలకు పైగా ఆధిక్యం వచ్చింది. ఒక్క ఓటుతో గెలిచినా వచ్చేది అదే 55. ట్రంప్ మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాల్లో మూడూ కలిపి సుమారు 78 వేల ఓట్లతో గట్టెక్కారు, 46 మంది ఎలక్టర్లు ఆయన ఖాతాలో పడ్డారు. దేశం మొత్తం మీద హిల్లరీకి 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చినా ఓడారు. 2000లో ఆల్ గోర్ కూడా 5 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు తెచ్చుకుని ఓడారు. ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లు.

సెనేట్‌లో చిన్నా పెద్దా రాష్ట్రాలకు సమానంగా రెండేసి సీట్లు ఇవ్వడం ఫిలడెల్ఫియాలో కుదిరిన రాజీ. అది లేకపోతే చిన్న రాష్ట్రాలు లేచి వెళ్లిపోయేవి. దాన్ని నేను అర్థం చేసుకోగలను. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రకు 11, తెలంగాణకు 7 ఉండటం చూసినప్పుడు వాళ్ల ఏర్పాటులో కొంత న్యాయం కూడా కనిపిస్తుంది. కానీ ఎలక్టర్ల పద్ధతి వెనుక ఒక చీకటి ఉంది, దాన్ని దాచి మీకు చెప్పడం నాకిష్టం లేదు. దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలకు ఓటు లేదు, కానీ సీట్లు లెక్కగట్టేటప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కవేయాలని రాజ్యాంగంలో రాసుకున్నారు. బానిస అన్న మాట ఎక్కడా రాయకుండానే ఆ పని చేశారు. దాంతో యజమానుల రాష్ట్రాలకు సీట్లూ ఎలక్టర్లూ పెరిగాయి. మొదటి ఐదుగురు ప్రెసిడెంట్లలో నలుగురు వర్జీనియా నుంచి వచ్చారు, నలుగురూ బానిసల యజమానులే. బానిసత్వమనే ఈ మచ్చను 13వ సవరణ తుడిచింది 1865లో, అదీ అంతర్యుద్ధంలో లక్షల మంది చనిపోయాక. ఆడవాళ్లకు ఓటు హక్కు దేశమంతటా 1920లో వచ్చింది. దక్షిణాదిలో నల్లవాళ్లకు అది నిజంగా చేతికందింది 1965 చట్టం తర్వాతే.

మనవాళ్ల కథ కూడా ఇందులో ఉంది. పౌరసత్వ నియమాలు కాంగ్రెస్ చేతిలో ఉన్నాయని చెప్పాను కదా. 1790లో చేసిన చట్టం స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్లకే పౌరసత్వం అంది. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌కు 1923లో సుప్రీంకోర్టు, నువ్వు ఆ మాట కిందికి రావని పౌరసత్వం నిరాకరించింది. భారతీయులకు తలుపు తెరిచింది 1946లో కాంగ్రెస్ చేసిన చట్టం. యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఉండి మందులు కనిపెట్టిన కాలంలో ఎక్కువ భాగం ఆయనకు పౌరసత్వం అడిగే హక్కే లేదు. దేశాలవారీ వివక్షను తొలగించిన 1965 చట్టం వల్లే తర్వాతి తరాల తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో రాగలిగారు. మీరు చేయబోయే ప్రమాణం వెనుక ఇంత ఉంది.

రాజ్యాంగాన్ని మార్చడం చాలా కష్టం. రెండు సభల్లో మూడింట రెండు వంతులు, ఆపైన 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. అందుకే ఇన్నేళ్లలో సవరణలు 27 మాత్రమే. మనవి వంద దాటాయి. ఆ 27వ సవరణ మీ టెక్సాస్‌ కథ, టీచరుగా మీకు నచ్చుతుంది. కాంగ్రెస్ సభ్యులు పెంచుకున్న జీతం మధ్యలో ఎన్నిక జరిగాకే అమల్లోకి రావాలని 1789లో పంపిన సవరణ రాష్ట్రాల ఆమోదం చాలక మూలనపడింది. 1982లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ విద్యార్థి గ్రెగరీ వాట్సన్, దాన్ని ఇప్పటికీ ఆమోదించవచ్చని ఒక వ్యాసం రాశాడు. సి గ్రేడు వచ్చింది. ఊరుకోలేదు. రాష్ట్రాల శాసనసభ్యులకు ఉత్తరాలు రాస్తూ పోయాడు. 1992లో సవరణ నెగ్గింది. 2017లో యూనివర్సిటీ ఆ గ్రేడును ఎ కింద మార్చింది.

ఇక మీరు చేయాల్సిన పని. ప్రమాణం పూర్తయ్యేదాకా ఓటరుగా నమోదు కావద్దు. లైసెన్సు ఆఫీసులో ఫారం మీద ఆ గడి కనిపించినా టిక్కు పెట్టొద్దు. పౌరులు కానివాళ్లు ఓటు వేయడం ఫెడరల్ నేరం, దేశం నుంచి పంపించే దాకా వెళ్తుంది. ప్రమాణం అయ్యాక టెక్సాస్‌లో ఎన్నికకు 30 రోజుల ముందే నమోదు అయిపోవాలి. అప్పటి నుంచి మీరు ఓటు వేయడమే కాదు, నిలబడవచ్చు కూడా. పౌరసత్వం తీసుకున్నవాళ్లు ప్రతినిధుల సభకు ఏడేళ్ల తర్వాత, సెనేట్‌కు తొమ్మిదేళ్ల తర్వాత పోటీ చేయవచ్చు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీల్యాండ్‌కు లెఫ్టినెంట్ గవర్నరు అయ్యారు. ప్రెసిడెంటు పదవి మాత్రం పుట్టుకతో పౌరులైనవాళ్లకే, అంటే మీ మనవరాలు ఇక్కడ పుట్టి ఉంటే ఆమెకు ఆ దారి తెరిచే ఉంది.

మొదటిసారి బ్యాలెట్ చూస్తే కళ్లు తిరుగుతాయి, అంత పొడవుంటుంది. ప్రెసిడెంటు, సెనేటరు పైన ఉంటారు. కింద వరసగా జడ్జిలు, కౌంటీ (మన జిల్లా లాంటిది) షెరీఫ్, కౌంటీ కమిషనరు. ఫెడరల్ జడ్జిలను నియమిస్తారుగానీ, టెక్సాస్ రాష్ట్ర కోర్టుల జడ్జిల్లో చాలామందిని, రాష్ట్ర సుప్రీంకోర్టుతో సహా, పార్టీ పేరు మీద జనమే ఎన్నుకుంటారు. ఒకే గుర్తుతో పార్టీ మొత్తానికి ఓటు వేసే సౌకర్యం 2020 నుంచి తీసేశారు కాబట్టి ఒక్కో పేరు దగ్గర ఆగి ఎంచుకోవాలి. చాలామంది పైన నాలుగు పేర్లకు వేసి వచ్చేస్తారు. మీరు అలా చేయకండి. స్కూలు బోర్డు ఎన్నికలు చాలా ఊళ్లలో మే నెలలో విడిగా వస్తాయి, వాటిని అసలే వదలకండి, జీవితమంతా బడిలో గడిపినవారు మీరు. నమూనా బ్యాలెట్ కౌంటీ వెబ్‌సైట్‌లో ముందే దొరుకుతుంది. ఒక్కో పదవి పక్కన ఆ మనిషికి ఏ అధికారం ఉంటుందో తెలుగులో రాసుకోండి. బూత్‌లో ఫోను వాడనివ్వరు. చేత్తో రాసుకున్న కాగితం మాత్రం వెంట తీసుకెళ్లవచ్చు.